పరుల నేలపై కొండబాటలు

వెస్టు వర్జీనియా రాష్ట్రమునకును కెంటకీ రాష్ట్రమునకును నడుమ పొలిమేరగా ప్రవహించు టగ్ ఫోర్కు నది చెప్పుకొనదగినంత పెద్దది కాదు. కాని దానికి తూర్పున లేచిన అపలాచియను కొండలు, ఎత్తున రాకీ పర్వతములతో పోటీపడలేకున్నను, నిట్టనిలువుగా లేచి, నడుమ నడుమ బండి మరలించుటకైన చాలని యిఱుకులోయలను మిగిల్చి, మనుష్యుల బ్రదుకును ఆ లోయలకే కట్టిపడవైచినవి. ఉన్న గోరంత చదును నేలను ఏఱును, రైలుపట్టాలును, రోడ్డును, ఒక వరుస యిండ్లును పంచుకొనగా మిగిలినదెల్లయు అడవి కప్పిన వాలే. ఆ వాలులలో నేడు వెయ్యి మైళ్లకు మించిన పొడవున, ఏ.టి.వి. లని లోకము పిలుచు నాలుగు చక్రముల చిన్న మోటారుబండ్లు నడుచుటకై గుర్తులు వేసి తీర్చిన బాటలు గలవు. వీనికి హాట్‌ఫీల్డు-మెకాయి బాటలని పేరు. వారము చివర ఒహాయోనుండి, ఉత్తర కరోలినానుండి, పెన్సిల్వేనియానుండి ట్రెయిలర్లపై బండ్లను కట్టుకొని జనులు వచ్చుచుందురు. బొగ్గు త్రవ్వినవారు ఈ దారులను కోసిరి, జపాను దేశపు ఇంజనీరొకడు వీనిపై నడచు బండిని కల్పించెను, రాష్ట్ర శాసనసభ వీనికి చట్టము నిచ్చెను. ఐనను ఇన్నియేండ్లు ఇవి మూతపడక నిలుచుటకు వేఱొక కారణము గలదు: ఈ నేల పరులది, నడచువాడు అతిథి, అతిథి మర్యాద తప్పిననాడు తలుపు మూయబడును.

పేరునుండి మొదలుపెట్టుట మంచిది. ఏలయన ఆ పేరు కొట్లాటవలన వచ్చినది. నదికి ఈవల వెస్టు వర్జీనియా యొడ్డున, జనులు డెవిల్ ఆన్సు అని పిలిచిన విలియం ఆండర్సన్ హాట్‌ఫీల్డు కుటుంబము. ఆవల కెంటకీ యొడ్డున రాండాల్ఫు మెకాయి కుటుంబము. ఆ కాలమున పందులను అడవిలోనికి తోలివైచి, చెవికి కోసిన గుర్తునుబట్టి శీతకాలమునకు ముందు ఎవరివి వారు పట్టుకొనుట ఆచారము. 1878లో ఫ్లాయిడ్ హాట్‌ఫీల్డు పట్టుకొన్న పంది తనదని రాండాల్ఫు ఫిర్యాదు చేసెను. విచారించు న్యాయాధికారియు హాట్‌ఫీల్డు వంశజుడే యగుటచేత, పక్షపాతమను మాట రాకుండుటకై ఆరుగురు హాట్‌ఫీల్డులను, ఆరుగురు మెకాయిలను జ్యూరీగా కూర్చుండబెట్టిరి; మెకాయిలలోనే యొకడు అవతలి పక్షమునకు మొగ్గుటచేత రాండాల్ఫు ఓడిపోయెను. 1882 ఆగస్టులో ఎన్నికల దినమున డెవిల్ ఆన్సు తమ్ముడైన ఎల్లిసన్‌ను మెకాయి సోదరులు మువ్వురు కత్తులతో పొడిచి తుపాకితో కాల్చిరి. అతడు ప్రాణము విడిచినంతనే ఆ మువ్వురను నదియొడ్డునకు కొనిపోయి చెట్లకు కట్టి కాల్చివైచిరి. 1888 సంవత్సరాది రాత్రి రాండాల్ఫు ఇల్లు అగ్నికి ఆహుతియయ్యెను. కూతురొకతె, కొడుకొకడు హతులైరి. రెండు రాష్ట్రముల గవర్నర్లు కలహించుకొని, వ్యాజ్యము వాషింగ్టనులోని సుప్రీముకోర్టువఱకు పోయి, చివరకు 1890 ఫిబ్రవరిలో ఎల్లిసన్ మౌంట్సు అను యువకుడు పైక్‌విల్లులో ఉరికంబ మెక్కుటతో ఆ రక్తకాండ ముగిసెను.

పత్రికలవారు పందిని పట్టుకొనిరి, నాటకములవారు ఉభయ కుటుంబముల నడుమ నడచిన ప్రణయమును పట్టుకొనిరి. భూమిలెక్కలను మాత్రము చాలకాలము ఎవరును పట్టించుకొనలేదు. డెవిల్ ఆన్సు కలపవర్తకుడు. పెర్రీ క్లైను అను వానితో నడచిన వ్యాజ్యము ఫలితముగా అయిదువేల యెకరముల అడవి ఆతని వశమయ్యెను. ఆ క్లైనే తరువాత పైక్‌విల్లులో న్యాయవాదియై, చల్లాఱిన పగను కోర్టులలో తిరిగి రగిల్చెను. 1888లో, పగ పరాకాష్ఠ నందిన దినములలోనే, డెవిల్ ఆన్సు తన భూములను అమ్ముకొని లోపలి లోయలలోనికి తరలిపోయెను. నాలుగేండ్లకు, 1892లో, నార్‌ఫోక్ అండ్ వెస్టర్న్ రైలుమార్గము టగ్ లోయగుండ పూర్తియై, ఆ కొండల గర్భమునందలి బొగ్గునకు లోకపు సంత తెఱచుకొన్నది. ఆనాడు కొంపలు కూలినది పందికోసమని నమ్ముట సులభము. భూములు ఎవరిచేతినుండి ఎవరిచేతికి పోయినవో చూచిన నా కా నమ్మకము కలుగలేదు.

అంతకు ముందునుండియే దూరపు నగరముల పెట్టుబడిదారుల పక్షమున దళారులు ఈ లోయలలో తిరిగి, ఒక్కొక్కచోట నేలనంతయు, మఱియొకచోట పైనేలను రైతునకే విడిచి క్రింది ఖనిజముపై హక్కును మాత్రము, అతి స్వల్పమైన వెలకు వ్రాయించుకొనుచుండిరి. బొగ్గు ఏమో, దాని విలువ యేమో యెఱుగని కొండరైతు సంతకము చేసెను. సంతకము రానివాడు గీతగుర్తు పెట్టెను. ఇరువదవ శతాబ్ది వచ్చుసరికి ఈ ప్రాంతపు భూమిలో అధికభాగము ఇక్కడ నివసింపనివారి చేతిలోనికి పోయెను. నేటికిని ఆ స్థితి పెద్దగా మాఱలేదు. బొగ్గు కంపెనీలు, కలప కంపెనీలు, గ్యాసు కంపెనీలు, భూమిని కలిగియుండి కౌలు పుచ్చుకొనుట తప్ప వేఱు పని యెఱుగని భూసంస్థలు, ఇవియే ఈ కొండలకు యజమానులు.

బొగ్గుకాలపు చరిత్రను ఇక్కడ విస్తరించుట సాధ్యము కాదు. 1920 మే 19న మేట్‌వన్ ఊరి రైల్వేస్టేషను చెంత, కార్మికులను కంపెనీ యిండ్లనుండి వెడలగొట్టవచ్చిన కిరాయి డిటెక్టివులకును ఊరివారికిని జరిగిన కాల్పులలో ఊరి మేయరుతోకూడ పదిమంది కూలిరి. మరుసటి సంవత్సరము సుమారు పదివేలమంది గనికార్మికులు తుపాకులు పూని బ్లెయిర్ మౌంటెన్ వైపు కదలిరి. వారిని మరలించుటకు సైన్యమునే పంపవలసివచ్చెను. 1972 ఫిబ్రవరి 26న మాన్ అను ఊరికి ఎగువనున్న బఫెలో క్రీకులో బొగ్గువ్యర్థములతో పోసిన కట్ట తెగి, నల్లనీరు లోయపొడుగునను ఊళ్లమీద పడగా 125 మంది మృతులైరి. ఆ మాన్ ఊరికి ఆనుకొనియే నేడు రాక్‌హౌస్ అను బాటల సముదాయము గలదు. కొండనెత్తిపై నుల్లాసముగా బండి నిలిపి క్రిందికి చూచువారిలో ఎందఱికి ఈ సంగతి తెలియునో చెప్పలేను.

బాటల చరిత్రకు ముఖ్యమైనది మఱియొకటి. గనివాడు కొండను త్రవ్వుటకు ముందు కొండపైకి దారి తీయవలెను. భూగర్భ గనుల కాలమున దారులు తక్కువ. పైనేలను ఒలిచి బొగ్గు తీయు పద్ధతి వ్యాపించినకొలది కొండకొండకు నడుముచుట్టును బల్లపరుపుగా కోసిన మెట్లు, వానిపై బొగ్గులారీలు నడచు మట్టిరోడ్లు, గ్యాసుబావులకు పోవు సన్నదారులు, కలప నీడ్చిన జాడలు ఏర్పడినవి. 1977లో ఉపరితల గనుల నియంత్రణ చట్టము వచ్చి, త్రవ్విన కొండను తిరిగి తీర్చవలెనని శాసించినను, అంతకు ముందే త్రవ్వి విడిచినవి విస్తారముగా నుండెను. ఆ మీదట యంత్రములు మనుష్యులను తఱిమినవి. మెక్‌డొవెల్ కౌంటీ జనాభా 1950లో 98,887. 2000 సంవత్సరమున 27,329. మనుష్యులు వెళ్లిపోయిరి, దారులు మిగిలినవి.

ఆ దారులపై నడువదగిన బండి సముద్రమున కావలనుండి వచ్చెను. 1960ల చివర హోండా కంపెనీ యొక్క అమెరికా శాఖవారికి ఒక చిక్కు పట్టుకొన్నది: చలికాలమున మోటారుసైకిళ్లు అమ్ముడుపోవు, దుకాణదారులు చేతులు ముడుచుకొని కూర్చుందురు. మంచుమీదను బురదమీదను నడచు బండి యేదైన చేసిపెట్టుడని వారు కోరగా, ఒసాము తకెయుచి అను ఇంజనీరు రెండు చక్రములనుండి ఆరు చక్రములవఱకు అన్నింటిని పరీక్షించి చూచి, కడకు మూడింటివద్ద స్థిరపడెను. అసలు కిటుకు చక్రముల సంఖ్యలో లేదు, టైరులో నున్నది. నీటిపైని నేలపైని నడచు ఆరుచక్రముల బండి యొకదానికి వాడు వెడల్పైన మెత్తని టైరును చూచి, అట్టి యిరువదిరెండు అంగుళముల బుడగటైర్లను ఆతడు తన బండికి తొడిగెను. వానిలో గాలి యెంతో తక్కువ. అందుచేత టైరు బురదను కోసికొనిపోక దానిపై పఱచుకొని సాగును, స్ప్రింగులు లేని లోటును కొంత తీర్చును. 1970లో యు.ఎస్.90 అను పేర 595 డాలర్ల వెలకు అది సంతలోనికి వచ్చెను, తరువాత ఏ.టి.సి.90 అయ్యెను. మరుసటి సంవత్సరమే జేమ్సుబాండు చలనచిత్ర మొకదానిలో కనబడి ప్రసిద్ధికెక్కెను. ఆటవస్తువుగా పుట్టిన బండిని రైతులు కంచెగుంజలు మోయుటకును, గడ్డి చేరవేయుటకును, దూడలను తోలుటకును పట్టుకొనిరి. పనికిని ఆటకును రెంటికిని పనికివచ్చుటచేతనే దాని వ్యాప్తి అంత వేగముగా జరిగినది.

కాని మూడుచక్రముల బండికి ఒక దుర్గుణము గలదు. వెనుకనున్న రెండు చక్రములును ఒకే యిరుసుకు బిగించియుండుటచేత మలుపులో లోపలి చక్రము వెలుపలి చక్రముతో సమానముగా తిరుగును. నడపువాడు వెలుపలి పాదపీఠముపై భారము మోపి, మొండెమును మలుపు లోపలికి వంచి, లోపలి చక్రమును తేలిక చేసినగాని బండి చెప్పినమాట వినదు. ఈ విద్య తెలియక, చూచుటకు పిల్లల సైకిలు వలె నున్నదని నమ్మి, నేర్పింపకయే పదేండ్ల బాలురను ఎక్కించిన తండ్రులెందరో అమెరికాలో నుండిరి. 1980లలో వందలకొలది మరణములు సంభవించినవి. మృతులలో పదునాఱేండ్లకు లోబడినవారు పెక్కుమంది. సుజుకీ కంపెనీ నాలుగుచక్రముల బండిని దశాబ్ది తొలినాళ్లలోనే తెచ్చియున్నను, మూడుచక్రములది ఇంకను అమ్ముడుపోవుచునే యుండెను. తుదకు ప్రభుత్వము కోర్టున కెక్కగా, 1988లో పంపిణీదారు లైదు సంస్థలవారు పదేండ్ల ఒడంబడికకు సమ్మతించిరి: క్రొత్త మూడుచక్రముల బండ్ల అమ్మకము నిలిపివేయవలెను, పెద్దబండిని పదునాఱేండ్లకు లోపలివారి నిమిత్తము అమ్మరాదు, కొన్నవారికి శిక్షణ యిప్పింపవలెను. వెస్టు వర్జీనియాలో ఈ ప్రమాదములు రాష్ట్రజనాభాను బట్టి చూడ మిక్కిలి హెచ్చు. ఇంటిముందే కొండ, కొండపై అడ్డులేని దారి యున్నచోట అది వింత కాదు.

పశ్చిమ రాష్ట్రములలో ప్రభుత్వభూములు విస్తారము. అక్కడ రోడ్డు విడిచి నడచు మోటారుబండ్లు యెడారులను, కొండవాలులను చీల్చిపాఱవేయుచున్నవని అలజడి లేవగా, అధ్యక్షుడు నిక్సన్ 1972 ఫిబ్రవరి 8న నేలకు, నీటిచెలమలకు, వన్యమృగములకు హానియు, దారిని వాడుకొను వేర్వేఱు వర్గములనడుమ ఘర్షణయు తగ్గునట్లు బాటలను ఏర్పఱుపుడని ఉత్తరువిచ్చెను. 1977లో అధ్యక్షుడు కార్టర్ దానిని మఱింత కఠినము చేసెను. 1985లో అటవీశాఖవారే ‘ట్రెడ్ లైట్లీ’ అను ప్రచారమును ఆరంభించి, నేలపై సున్నితముగా నడువుడని బోధింపసాగిరి. అయితే టగ్ లోయలో ఈ యుత్తరువులకు చెల్లుబడి లేదు; నేల ప్రైవేటుది. అక్కడి యువకులు ఎవరి యనుమతియు లేకయే గనిదారులపై బండ్లు తోలుచుండిరి. యజమానులు గేట్లు పెట్టిరి. వీరు గేట్ల ప్రక్కనుండి క్రొత్తదారి చేసికొనిరి. కంపెనీలకు అసలు భయము దారి పాడగునని కాదు, తమ నేలపై పడి కాలు విఱిగినవాడు తమమీదనే దావా వేయునని. ఆ భయము న్యాయమైనదే.

ఈ చిక్కుముడిని విప్పిన పద్ధతి నా దృష్టిలో ఈ కథయందెల్ల మెచ్చదగినది. 1990ల తొలిభాగమున, బొగ్గు మీద ఆశ సన్నగిల్లిన దక్షిణపు కౌంటీల పెద్దలు, వినోదయాత్రికులను రప్పించు ఉపాయములను వెదకుచు, ఈ దొంగదారులనే దొరదారులుగా చేయవచ్చునని తలపోసిరి. 1996లో రాష్ట్రశాసనసభ హాట్‌ఫీల్డు-మెకాయి ప్రాంతీయ వినోద ప్రాధికారసంస్థను నెలకొల్పెను. ఏర్పాటు ఇట్టిది: భూయజమాని తన నేలను అమ్మడు, కౌలుకియ్యడు, దారి నడచుటకు మాత్రము సంస్థకు అనుమతి నిచ్చును. అందుకు ప్రతిగా, దారిపై జరిగిన ప్రమాదములకు అతనిపై బాధ్యత లేకుండునట్లు చట్టము కాపాడును. దారిని బాగుచేయుట, గుర్తులు నాటుట, రేంజర్లను తిప్పుట సంస్థ పని. గని త్రవ్వవలసివచ్చినను, కలప కొట్టవలసివచ్చినను యజమాని ఆ భాగమును మూయించవచ్చును. సంస్థ వేఱొకచోటినుండి బాటను మరల్చుకొనవలెను. 2000 అక్టోబరులో మొదటి బాటలు తెఱవబడినవి. గేటు దాటివచ్చిన దొంగయు, గేటు పెట్టిన యజమానియు ఒకే కాగితముపై సర్దుకొనుట, కోర్టులలోను తుపాకులతోను తగవులు తీర్చుకొన్న ఆ లోయల చరిత్రలో చిన్న విషయము కాదు.

ఆ కాగితమునందలి షరతులే ఇక్కడి మర్యాదకు మూలము. హెల్మెట్ లేనిదే ఎవడును బండి యెక్కరాదు. ఒక్కరికై చేసిన బండిపై ఇద్దఱు కూర్చుండరాదు. మద్యము తాగరాదు. పదునాఱేండ్లలోపు వారు పెద్దల కంటియెదుటనే నడుపవలెను. గుర్తువేసిన బాటను విడిచి గజమైన ప్రక్కకు పోరాదు. ఈ చివరిది అన్నిటికంటె ముఖ్యము. ఏలయన యజమాని యిచ్చినది ఆ బాటకే యనుమతి. బాటలకు కాఠిన్యమునుబట్టి రంగులు గలవు: ఆకుపచ్చ గుర్తు సులభమైనదానికి, నీలిది మధ్యమమునకు, నలుపు దుర్గమమైనదానికి. నారింజరంగు గుర్తుగల యొంటిజాడ బాటలు మోటారుసైకిళ్లవి.

నల్లగుర్తు బాట నొకదానిని దగ్గఱగా చూచినగాని ఈ విద్యలోని కష్టము తెలియదు. బాట కొండను నేరుగా ఎక్కును; మెట్లుమెట్లుగా ఇసుకఱాతి పలకలు, నడుమ చేతిమందపు వేళ్లు, వానకు జాఱు పొరఱాయి, నల్లని బొగ్గుపొడి; శరత్కాలమున వీనినన్నిటిని ఆకులు కప్పివేయుటచేత ఱాయి ఎక్కడనో వేరు ఎక్కడనో కంటికి తెలియదు, చక్రమునకే తెలియును. ఎక్కుటకు ముందే తక్కువ గేరు వేసికొని, పిఱుదులను సీటు ముందంచునకు జరిపి, ఛాతీని హ్యాండిలు మీదికి వంచి, బొటనవ్రేలితో నొక్కు ఇంధనపు మీటను హెచ్చుతగ్గులు లేక పట్టియుంచవలెను. సగములో భయపడి వ్రేలు తీసినవాని బండి అక్కడనే నిలిచిపోవును. నిలిచిన బండిని వెనుకకు జాఱనిచ్చుట ప్రాణాంతకము: వెనుకచక్రము ఏ ఱాతికో తట్టుకొని, మనిషిమీదికి బండి బోర్లపడును. బ్రేకు బిగించి, ఎగువ ప్రక్కకు దిగి, బండిని మెల్లగా త్రిప్పుకొని క్రిందికి దించవలెను. దిగునప్పుడు బ్రేకుకంటె ఇంజనునే నమ్ముకొనవలెను. తక్కువ గేరులో ఇంజను బండిని పట్టి యుంచును, మనిషి వెనుకకు వాలి కూర్చుండును. అడ్డవాలున పోవునప్పుడు మొండెమును ఎగువకు వంచవలెను. బండియు మనిషియు కలిసి ఏడెనిమిది వందల పౌనులు తూగును. ఇందులో నడపువాని శరీరమే తరాజు.

ఇంత కష్టపడి యెక్కుచున్నవానికి ఎదురుగా పైనుండి యొకడు వచ్చినచో దారి ఎవరిది? అమెరికా కొండదారులలో ఎక్కువానిదే. దిగువాడు బ్రేకు పట్టి ఎక్కడనైన ఒదిగి నిలువగలడు. ఎక్కువాడు నిలిచెనా, తిరిగి కదలుట దుర్ఘటము. మన వరిచేని గట్టుపై ఎదురుపడిన ఇద్దఱిలో తలపై మోపు గలవానికి చేతులూపుకొని వచ్చువాడు తొలగి నిలుచుట వంటిదే ఇదియు. ఎవరును వ్రాయకయే వచ్చిన ధర్మము. జట్టుగా పోవువారు ఎదురుపడినప్పుడు ముందున్నవాడు ఎడమచేయి ఎత్తి, తనవెనుక ఇంకెందరు కలరో అన్నివ్రేళ్లు చూపును. చివరివాడు పిడికిలి చూపును. దీనివలన మలుపు తిరుగుచునే మఱియొక బండిని గ్రుద్దుకొను ప్రమాదము తప్పును. గుఱ్ఱము కనబడినచో బండి ఆపి, ఇంజను కట్టివైచి, హెల్మెట్ తీసి, రౌతును పలుకరింపవలెను. హెల్మెట్ పెట్టుకొన్న తల గుఱ్ఱమునకు మనిషితలగా తోచదట, గొంతు విన్నప్పుడు నెమ్మదించునట. నడిచిపోవువారిని దాటునప్పుడు దుమ్ము లేవనంత మెల్లగా పోవలెను. గ్రుడ్డిమలుపులో బండి నిలిపి ముచ్చటలాడరాదు. నడిదారిలో నీటిగుంట యున్నచో దానిప్రక్కనుండి పోవుట సభ్యత యని తోచును గాని, నిజమునకు గుంటనడుమనుండి పోవుటయే సభ్యత. ప్రక్కనుండి ఒకడు పోయినచో రెండవవాడు ఇంకను ప్రక్కకు పోవును. ఏడాది తిరుగునప్పటికి ఎనిమిదడుగుల బాట ముప్పదియడుగుల బురదయై యజమాని అడవిని తినివేయును.

ఈ బాటలు ఊళ్లకు చేసిన మేలును అతిశయోక్తి లేక చెప్పవలెను. బొగ్గు యిచ్చిన కూలిని ఇవి యియ్యలేదు, ఇయ్యలేవు. కాని మాన్, గిల్బర్టు, మేట్‌వన్, బ్రామ్‌వెల్ వంటి ఊళ్లు తమ వీథులలో ఈ బండ్లను నడువనిచ్చినవి. బాటనుండి నేరుగా వచ్చి బురదబట్టలతోనే భోజనశాల ముందు దిగవచ్చును. ఖాళీపడిన యిండ్లు కొన్ని విడిదులైనవి. బ్రామ్‌వెల్ ఒకప్పుడు బొగ్గు కోటీశ్వరుల ఊరు. వారి పెద్దపెద్ద భవనముల ముందుగా నేడు బురదచక్రముల వరుస సాగుచుండును. మేట్‌వన్‌లో వరద నాపుటకై కట్టిన కాంక్రీటు గోడపై ఆ పగల చిత్రములను, కాల్పుల చిత్రములను ఉబ్బెత్తుగా పోతపోసిరి. సేరా ఆన్ అను చోట డెవిల్ ఆన్సు సమాధిపై ఇటలీనుండి తెచ్చిన పాలఱాతితో ఆతని నిలువెత్తు విగ్రహము గలదు. ఆ పేరు నమ్ముకొని అంగళ్లలో చొక్కాలు కూడ అమ్ముచున్నారు. ఈ యమ్మకమును చూచి ముఖము చిట్లించుకొనువారు గలరు. ఆ లోయలనుండి అన్నియు తరలిపోయిన పిదప మిగిలినది ఆ పేరొకటియే గనుక, దానిని అమ్ముకొనువారిని నేను నిందింపను.

నాకు మనసు గుచ్చుకొనునది మఱియొకటి. తాతముత్తాతలు ఎకరము స్వల్పవెలకు వ్రాసియిచ్చిన కొండపై మునిమనుమడు అనుమతిచీటి కొని, హెల్మెట్ పెట్టుకొని, హద్దు తప్పక నడువవలసియున్నది. రాష్ట్రవాసులకు చీటివెల తక్కువ యనుట నిజమే. ఆ తగ్గింపు నష్టపోయిన హక్కుకు పరిహారము కాదనుటయు నిజమే. దీనిని సంస్థ తప్పిదముగా నేనెంచను. అది తనచేతిలో లేని భూమిపై ఉన్నంతలో దారి సంపాదించినది. అనుమతి హక్కు కాదు. యజమాని ‘చాలు’ అన్ననాడు ఏ కోర్టును ఆ గేటు తెఱపింపలేదు. తెఱచినది మొదలు ఇంతవఱకు ఈ బాటలు మూతపడుటకు మారు విస్తరించుచు వచ్చినవనగా, షరతులను పాటించిన లక్షలమంది అతిథుల ప్రవర్తనయే దానికి ముఖ్యకారణమని నా నిశ్చయము. మిగిలిన కారణము లన్నియు దాని తరువాతివి.

వర్జీనియాలోను, ఒహాయోలోను, ఉత్తర కరోలినాలోను స్థిరపడిన మన తెలుగువారికి ఈ కొండలు కారులో కొన్నిగంటల దూరమే. వెళ్లదలచినవారికి రెండు మాటలు. మొదటినాడు ఆకుపచ్చ గుర్తు విడిచి పోవలదు. నల్లగుర్తు బాట ఎక్కడికిని పాఱిపోదు. అనుమతిచీటి బండికి కాదు, మనిషికి. ప్రక్కసీటులో ఊరక కూర్చుండు వారు సైతము ఎవరిది వారు కొనవలసినదే.